సూర్యలంక టూర్: ఒడ్డున బతికున్న డాల్ఫిన్ కనబడితే నీళ్లల్లకు తోయాల్నా, వద్దా?

పానగల్లు_సైన్స్‌సార్:
అందరికి నమస్తె. 9వ తరగతి పిల్లలు 42 మందిని తీసుకొని నల్లగొండ నుంచి సూర్యలంక పోతున్నం. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద మిర్యాలగూడ, వాడపల్లి బ్రిడ్జి, పిడుగురాళ్ల, నరసరావుపేట దాటి బాపట్ల. అక్కడి నుంచి బీచ్ 9 కిలోమీటర్లు. మనకు సముద్రం లేకపాయె, పిల్లల్ల చానమంది మొదటిసారి చూస్తున్నరు.

స్కూల్ గ్రూపుల ఒక వీడియో తిరుగుతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్‌ను పదిమంది తోక పట్టుకొని సముద్రంలకు గుంజుతున్నరు, చుట్టున్నోళ్లు చప్పట్లు కొడుతున్నరు. పిల్లలు అదే మంచిపని అనుకుంటున్నరు. పాఠం చెప్పే ముందు నాకు సంగతి సరిగ్గ తెల్వాలె. బతికున్నది కనబడితె మొదటి గంటల ఏం జెయ్యాలె? ఏం చెయ్యొద్దు? చచ్చిపోయింది కనబడితె? ఎవరికి ఫోన్ కొట్టాలె? "జాగ్రత్త" అని ఒక్క మాటల చెప్పి వదిలెయ్యకుండ, ఎందుకో కూడ చెప్పుండ్రి. మావోళ్లు ఎందుకు సార్ అని అడుగుతరు.

దేవరకొండ_బస్టాండ్:
సార్, చేపను నీళ్లల్ల నుంచి తీస్తె ఎంతసేపు బతుకుతది? ఫోన్లు, ఆఫీసర్లు అనుకుంట కూసుంటె అది చచ్చిపోతది. తోసెయ్యడమే నయం కదా.

తీరప్రాణి:
దేవరకొండ అన్నా, చిక్కంతా ఆ "చేప" అన్న మాటలోనే ఉంది. డాల్ఫిన్, తిమింగలం చేపలు కావు. వాటికి మొప్పలు ఉండవు, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తాయి. ముక్కు నెత్తి మీద ఉంటుంది. ఒడ్డున పడ్డంత మాత్రాన చేపలాగా వాటికి వెంటనే ఊపిరి ఆగిపోదు. ఊపిరి ఆగేది తొందరపడి అలల్లోకి తోసినప్పుడు. నీరసించిన జంతువు పక్కకు ఒరిగి, ముక్కు నీళ్ల కిందికి పోయి, మునిగి చచ్చిపోతుంది. అందుకే "తోసెయ్" అనేది చివరి పని, అది కూడా పశువైద్యుడో ఫారెస్ట్ వాళ్లో పక్కన నిలబడి చేయించాలి.

సార్ అడిగిన మొదటి గంట సంగతి.

ముందు మనుషుల్ని ఆపాలి. గుంపును కనీసం 50 మీటర్ల అవతల నిలబెట్టండి, కుక్కల్ని తరమండి. డాల్ఫిన్‌కు చెవే కన్ను లాంటిది. అరుపులు, డీజే, డ్రోన్ చప్పుడు దానికి నిజంగానే దెబ్బ. దగ్గరికి పోయేది నలుగురైదుగురు పెద్దవాళ్లు, అంతే. పక్క నుంచి, నెమ్మదిగా, అది చూస్తుండగా పోవాలి. తోక వైపు ఎవరూ నిలబడొద్దు, ఒక్క దెబ్బకు కాలి ఎముక విరుగుతుంది. జంతువుకూ సముద్రానికీ మధ్య అసలే నిలబడొద్దు. ఒక పెద్ద అల వస్తే వంద కిలోల శరీరం మీ మీదికి దొర్లుతుంది.

తర్వాత ముక్కు. నెత్తి మీది రంధ్రంలోకి ఇసుక, నీళ్లు, తడిబట్ట చివర ఏదీ పోకూడదు. నీళ్లు పోసేటప్పుడు ముక్కు వెనక నుంచి మొదలుపెట్టి తోక వైపు పోయాలి. అది ఊపిరి తీసే క్షణంలో చెయ్యి ఆపాలి. మంచి మనసుతో వచ్చినవాళ్ల చేతిలో ఎక్కువ తప్పు జరిగేది ఇక్కడే, బకెట్ ఎత్తి నెత్తి మీద గుమ్మరిస్తారు. ముక్కుకు ఎదురుగా మీ మొహం కూడా పెట్టొద్దు. ఆ తుంపరలో మనుషులకు అంటే క్రిములు ఉండొచ్చు, మాస్క్ వేసుకోండి.

పొట్ట మీద నిటారుగా ఉంటే అలాగే ఉంచాలి. దాని ముందు రెక్కలు ఒంటి కింద మడతపడి నలుగుతాయి కాబట్టి, రెండు రెక్కల కింద ఇసుక తోడి చిన్న గుంతలు చేయండి. రెక్కలు కిందికి వేలాడాలి, గుంతలో సముద్రం నీళ్లు నిలిస్తే ఇంకా మంచిది. ఒంటికి దగ్గర పార వాడొద్దు, చేతులతోనే తోడాలి. దాని తోలు ఉడికిన టమాట తొక్కంత సున్నితం, గోరు గీసినా లేస్తుంది. ఉంగరాలు, గాజులు, చేతి గడియారం తీసి పెట్టండి.

పక్కకు పడి ఉంటే, చిన్న డాల్ఫిన్ అయితే, నలుగురు ఉంటే, పొట్ట మీదికి తేవచ్చు. కింద పడ్డ వైపు ఇసుక తోడాలి, కింది రెక్కను ఒంటికి ఆనించి పెట్టాలి, అప్పుడు వీపు దగ్గర చేతులు పెట్టి మెల్లగా దొర్లించాలి. రెక్కనూ తోకనూ పిడిలాగా పట్టుకోకూడదు. 3 మీటర్లు దాటిన జంతువు జోలికి పోకండి. దాన్ని మీరు కదిలించలేరు, అది మిమ్మల్ని కదిలిస్తుంది.

నీడ, తడి. పాత కాటన్ చీర, పంచె, లేత రంగు దుప్పటి సముద్రం నీళ్లలో ముంచి ఒంటి మీద కప్పండి. ముక్కు, కళ్లు, వీపు రెక్క, ముందు రెక్కలు, తోక రెక్కలు వదిలేయండి. వాటి మీద బట్ట లేకుండా నీళ్లు మాత్రం పోస్తూ ఉండండి. ప్లాస్టిక్ పట్టా ఒంటికి చుట్టొద్దు, లోపల ఉడికిపోతుంది. అదే పట్టాను నాలుగు కర్రల మీద ఎత్తుగా కడితే మంచి నీడ. ఐసు వద్దు. కొబ్బరినూనె, సన్‌స్క్రీన్, గాయానికి పసుపు, ఇవేవీ వద్దు. నోట్లో నీళ్లు పోయడం, చేపలు పెట్టడం కూడా వద్దు. సముద్ర క్షీరదాలకు కావలసిన నీళ్లు తిండిలోంచే వస్తాయి, దాహం వేసిందని ఒడ్డున పడదు.

ఆ వీడియోలో తోక పట్టి లాగారని రాశారు. తోక మొదట్లో ఉన్న వెన్నెముక కీళ్లు మొత్తం ఒంటి బరువును వెనక్కి లాగే పనికి పుట్టినవి కావు. కీలు తప్పినా, వెన్ను దెబ్బతిన్నా అది ఈదలేదు. నీళ్లలోకి చేరినట్టు కెమెరాలో కనబడుతుంది, తర్వాత ఏమైందో కెమెరాలో కనబడదు.

పశువైద్యం_పాలమూరు:
తీరప్రాణి గారు మంచిగ చెప్పిండ్రు. ఎందుకు అన్న దానికి నేను కొంచెం కలుపుత. మన దిక్కు రైతులకైతె పడిపోయిన బర్రెతో పోల్చి చెప్తె టక్కున అర్థమైతది.

ఈనినంక కాల్షియం తక్కువై బర్రె లేవలేక ఒకే పక్క మీద పండుకుంటె ఏమైతది? దాని బరువు దాని తొడ మీదనే పడుతది. కొన్ని గంటలల్ల కండలకు నెత్తురు అందక లోపల నలిగి చచ్చిపోతయ్. అందుకే కింద గడ్డి మెత్తగ పరిచి, పూటకు రెండు మూడుసార్లు పక్క మార్చుమంటం. డాల్ఫిన్ సంగతి ఇంతకంటె కష్టం. బర్రె నేల మీద బతికేటందుకు పుట్టింది, దానికి ఎముకల గట్టితనం ఉంది. డాల్ఫిన్‌ను పుట్టినకాడి నుంచి నీళ్లే మోస్తయ్. ఒడ్డున పడంగనె దాని ఒళ్లే దాని ఊపిరితిత్తుల మీద, కండల మీద మూటోలె కూసుంటది.

నలిగిన కండలల్ల నుంచి మయోగ్లోబిన్ అనేటిది నెత్తుట్ల కలుస్తది. అది పోయి మూత్రపిండాలను మూస్తది. ఈ సంగతి పైకి కనబడది. తోసినంక ఈదుకుంట పోయి రెండో రోజు చచ్చి వేరే ఊరి ఒడ్డుకు తేలేటియి ఉంటయ్. తోయంగనె కాపాడినట్టు కాదనేటిది ఇందుకే.

రెండోది ఎండ. తోలు కింద మందంగ కొవ్వు పొర ఉంటది, స్వెటర్ వేసుకున్నట్టు. నీళ్లల్ల అది కావాలె, ఇసుక మీద అదే ప్రాణం తీస్తది. ఒంట్ల వేడి బయటికి పోయే దారులు మూడే: వీపు రెక్క, ముందు రెక్కలు, తోక రెక్కలు. బండికి రేడియేటర్ అసుంటియి. గందుకే వాటి మీద బట్ట కప్పొద్దన్నది. రెక్కల మీద చెయ్యి పెడితె బాగ వేడిగ తగిలితె లోపల ఒళ్లు కాగుతున్నట్టే, నీళ్లు పోసుడు పెంచాలె.

పిల్లలకు ఇచ్చే పని ఒకటి ఉంది సార్, ఊపిరి లెక్కపెట్టుడు. దూరం నుంచి చూసి కూడ చెయ్యొచ్చు. నెత్తి మీది రంధ్రం తెరిచి మూసినప్పుడు "ఫుస్" అని ఇనబడుతది. చిన్న డాల్ఫిన్లు నిమిషానికి 2 నుంచి 5 సార్లు తీస్తయ్. పది దాటితె బాగ బెదిరినట్టు, లేకపోతె బాధల ఉన్నట్టు. అప్పుడు చేసే పని కూడ ఆపి అందరు వెనక్కి జరగాలె. ఒకరు గడియారం, ఒకరు లెక్క, ఒకరు రాసుడు. ప్రతి 10 నిమిషాలకు ఒకసారి రాస్తె, వచ్చే డాక్టర్‌కు బంగారం అసుంటి కాగితం అది. పెద్ద తిమింగలమైతె ఊపిరికి ఊపిరికి నడుమ 10, 20 నిమిషాలు కూడ పట్టొచ్చు. కదలకుంట ఉన్నదని చచ్చిపోయిందనొద్దు, కర్రతోని పొడిచి చూడొద్దు.

దేవరకొండ_బస్టాండ్:
సరే, బర్రె ముచ్చటతో అర్థమైంది. మరి గుంపుగ వస్తె? ఒక్కటి కాదు, పదులల్ల ఒడ్డుకు వచ్చినయని పేపర్ల చూసిన.

తీరప్రాణి:
వస్తాయి. 2016 జనవరిలో తమిళనాడు తూత్తుకుడి జిల్లా మణపాడు దగ్గర 80కి పైగా పైలట్ తిమింగలాలు ఒడ్డెక్కాయి. మత్స్యకారులు రాత్రంతా కష్టపడి చాలావాటిని లోపలికి పంపారు. వాటిలో కొన్ని తిరిగి ఒడ్డుకే వచ్చాయి, 45 చనిపోయాయి. అదే తీరంలో 1973లోనూ 147 వచ్చాయి. పైలట్ తిమింగలాలది గట్టి బంధుత్వం. ఒకటి జబ్బుపడో దారితప్పో ఒడ్డెక్కితే మిగతావి దాన్ని వదిలిపోవు. ఒకదాన్ని లోపలికి పంపితే, ఒడ్డున ఉన్నవాటి కేక విని వెనక్కి వస్తుంది. అందుకని అన్నిటినీ సిద్ధం చేసి, ఒకేసారి, ఒకే గుంపుగా వదలడం నేర్చుకున్నారు. 2020 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా టాస్మేనియాలోని మక్వారీ హార్బర్‌లో 470 దాకా ఒడ్డెక్కితే, పడవలు, స్లింగులు (ఎత్తి మోసే పట్టీలు), శిక్షణ ఉన్న మనుషులు అన్నీ ఉండి 110 దాకా మాత్రమే దక్కాయి. లెక్క అలా ఉంటుంది. పిల్లలకు ఇది దాచకుండా చెప్పడమే మంచిదని నా అభిప్రాయం.

ఎందుకు ఒడ్డెక్కుతాయంటే ఒక్క జవాబు లేదు. వలలో చిక్కి ఊపిరి అందక, ఓడ తగిలి, జబ్బుతో, ముసలితనంతో, తల్లి తప్పిపోయిన పిల్లలై, నీళ్ల కింది పెద్ద శబ్దాలకు బెదిరి. ఇసుక మెల్లమెల్లగా వాలిన లోతులేని తీరాల్లో అవి పంపే శబ్దం సరిగ్గా తిరిగి రాక మోసపోతాయని కూడా చెప్తారు. ఒంటరిగా వచ్చిన వాటిలో చాలావరకు ముందే జబ్బుతోనో గాయంతోనో ఉన్నవి. అంటే అది మీ ముందు పడ్డదానికి ముందే ఏదో జరిగింది. తోసినంత మాత్రాన ఆ "ఏదో" పోదు.

తిరిగి వదిలే పని చూడాలని ఉంటే: ఫారెస్ట్ వాళ్లు, పశువైద్యులు జంతువు పక్కన పట్టా సగం చుట్ట చుట్టి పెట్టి, దాన్ని కొంచెం ఒరిగించి, ఆసుపత్రిలో పేషెంట్ కింద దుప్పటి మార్చినట్టు కిందికి జరుపుతారు. రెక్కలు వేలాడడానికి పట్టాకు రంధ్రాలుంటాయి. నడుము లోతు నీళ్లలోకి మోసుకుపోయి, ముక్కు పైకి ఉండేలా అరగంటో అంతకంటే ఎక్కువో పట్టుకుంటారు. ఇంతసేపు ఒరిగి పడి ఉండడంతో దానికి తిమ్మిరి, తూకం తప్పి ఉంటుంది. తానుగా నిటారుగా నిలబడి, ఊపిరి కుదురుగా తీసి, తోక ఆడించినాకే చెయ్యి వదులుతారు. ఇది ఓపిక పని. వీడియోకు పనికిరాదు.

పానగల్లు_సైన్స్‌సార్:
చాన మంచిగ చెప్పిండ్రు. ఇగ రెండు ప్రశ్నలు. ఫోన్ ఎవరికి, ఏమని చెప్పాలె? మేం తెలంగాణోళ్లం, అక్కడ ఎవరినీ ఎరగం. రెండోది, చచ్చిపోయింది కనబడితె?

తీరప్రాణి:
112 ఎక్కడి నుంచైనా పనిచేస్తుంది, ఫారెస్ట్ వాళ్లకు చెప్పమని అడగండి. తీర భద్రత పోలీసులది 1093. కోస్ట్‌గార్డ్ 1554, పడవ కావలసినప్పుడు, జంతువు వలలో చిక్కి నీళ్ల మీద తేలుతున్నప్పుడు. బాధ్యత అటవీ శాఖది. డాల్ఫిన్లు, తిమింగలాలు అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. వీటి కోసం కేంద్ర పర్యావరణ శాఖ 2021 జనవరిలో ప్రత్యేక మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. పక్కనే మత్స్యకారుల పల్లె ఉంటే అక్కడి పెద్దమనిషికి కబురు పెట్టండి. ఏ అల ఎటు కొడుతుందో, పోటు ఎప్పుడు ఎక్కుతుందో వాళ్లకు తెలిసినంత యాప్‌కు తెలియదు.

"ఇక్కడ పెద్ద చేప పడింది, రండి" అంటే ఎవరూ కదలరు. ఇలా చెప్పండి: "సూర్యలంక బీచ్ మెయిన్ ఎంట్రన్స్ దగ్గర సముద్రం వైపు నిలబడితే ఎడమ చేతికి సుమారు 600 మీటర్లు. బతికున్న డాల్ఫిన్, ఒక్కటి. పొడవు మూడు అంగలు వేసేంత, అంటే 2 మీటర్ల పైన. నిమిషానికి 6 సార్లు ఊపిరి. ఎడమ పక్కన వల తాడు చుట్టుకుంది. నీళ్లు పెరుగుతున్నాయి. 10:20కి చూశాం. లొకేషన్ పంపుతున్నాం." పోటుకూ (నీళ్లు పూర్తిగా ఎక్కడం) పాటుకూ (పూర్తిగా తగ్గడం) మధ్య సుమారు 6 గంటల 12 నిమిషాలు. అందుకే నీళ్లు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్న ఒక్క ముక్కతో వాళ్ల దగ్గర ఎంత టైం ఉందో లెక్క తేలుతుంది. అది తెలుసుకోవడానికి ఇసుకలో అల ఆగిన చోట ఒక కర్ర గుచ్చి పావుగంట చూస్తే చాలు.

వల చుట్టుకుని ఉంటే మీరు కోయొద్దు. గట్టిగా బిగిసిన తాడు కోసిన క్షణంలో అది విదిలించుకుంటుంది, చాకు దాని ఒంట్లోనో మీ చేతిలోనో దిగుతుంది. సగం తాడు ఒంటి మీద మిగిలి లోపలికి పోతే అది నెలల తరబడి కోస్తుంది.

ఫోటోలు నాలుగు తీయండి: మొత్తం పక్క వైపు, తల, తోక, గాయం ఉంటే గాయం. పక్కన చెప్పో నీళ్ల సీసానో పెడితే కొలత తెలుస్తుంది. వీపు రెక్క లేకుండా, నున్నగా, మూతి గుండ్రంగా ఉన్న మీటరున్నర జంతువు కనబడితే "రెక్క తెగిపోయింది" అని రాయకండి. అది ఫిన్‌లెస్ పోర్పాయిజ్ అనే డాల్ఫిన్ చుట్టం, దానికి పుట్టుకతోనే వీపు రెక్క ఉండదు. మన తీరానికి దగ్గరగా తిరిగేది కాబట్టి ఎదురుపడే అవకాశం ఉంది.

పశువైద్యం_పాలమూరు:
చచ్చిపోయినదాని ముచ్చట నేను చెప్త. అది కూడ పనికిరానిది కాదు. ఒడ్డుకొచ్చిన వాటిని 5 దశలుగ రాస్తరు: 1 బతికున్నది, 2 అప్పుడే చచ్చింది, 3 కుళ్లుడు మొదలైంది, 4 బాగ కుళ్లింది, 5 తోలు ఎముకలు మిగిలినయి. రెండో దశల దొరికితె పోస్ట్‌మార్టంల జబ్బా, వలనా, ప్లాస్టిక్ మింగిందా అన్నీ తేలుతయ్. మన ఎండలకు రెండు నుంచి మూడుకు ఒక్కరోజు కూడ పట్టది. కాబట్టి చచ్చిందని ఊరుకోకుంట దానికి కూడ ఫోన్ కొట్టాలె.

దగ్గరికి పోవొద్దు. బ్రూసెల్లా అసుంటి సూక్ష్మజీవులు డాల్ఫిన్లల్ల కూడ ఉంటయ్, చేతికి చిన్న కోత ఉన్నా అంటొచ్చు. ముట్టుకుంటె సబ్బుతోని మంచిగ కడగాలె. ఉబ్బిన పొట్ట ఎక్కి ఫోటో దిగుడు, పొడుచుడు అసలు వద్దు. లోపల గ్యాస్ పేరుకొని ఉంటది. 2004 జనవరిల తైవాన్‌లోని తైనాన్ పట్నంల ఒక స్పెర్మ్ తిమింగలాన్ని లారీ మీద తీస్కపోతుంటె నడిబజార్ల పగిలింది. దుకాణాలు, బండ్లు అన్నీ నెత్తురు, పేగులు. పూడ్చేటప్పుడు కూడ పోటు గీత దాటి లోతుగ గుంత తీసి పూడుస్తరు, లేకుంటె అల వచ్చి మళ్ల తీస్తది.

ఇంకోటి. పన్ను, ఎముక, తోలు ముక్క యాదికి అని సంచిల ఏసుకొస్తరు. షెడ్యూల్ 1 జంతువు ముక్క దగ్గర పెట్టుకున్నా నేరమే. స్పెర్మ్ తిమింగలం కడుపుల తయారయే అంబర్‌గ్రిస్ అనేటిది ఒడ్డున దొరికితె కోట్లు వస్తయని యూట్యూబ్‌ల చెప్పేటోళ్లు ఉన్నరు. మన దేశంల దాని వ్యాపారం నిషేధం. అమ్మేటోడు, కొనేటోడు ఇద్దరు జైలుకే.

మూసీ_గట్టు:
ఒక సందేహం. వేల్ షార్క్ అంటరు కదా, అది తిమింగలమా, సొరనా? దానికి కూడ ఇదే పద్ధతా?

తీరప్రాణి:
సొర. చేప. కాబట్టి పద్ధతి తలకిందులు. తోక చూసి పోల్చండి: డాల్ఫిన్, తిమింగలాల తోక అడ్డంగా, చాటలా పరుచుకుని ఉంటుంది, పైకీ కిందికీ ఆడుతుంది. చేపల తోక నిలువుగా, పక్కలకు ఆడుతుంది. తల పక్కన నిలువు చీలికలు అయిదు కనబడితే మొప్పలు, సొర అన్నమాట. దానికి నీళ్లలోనే ఊపిరి, అందుకని ఒడ్డున గంటలు ఆగే వీలు లేదు. వెంటనే ఫారెస్ట్ వాళ్లను అందుకోవాలి, లోపలికి పంపడమే దారి. 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి బీచ్‌లో ఒడ్డుకు చేరిన వేల్ షార్క్‌ను అటవీ శాఖ వాళ్లు, మత్స్యకారులు కలిసి అలాగే సముద్రంలోకి మళ్లించారు. దాన్నైనా తోకకు తాడేసి వెనక్కి ఈడవకూడదు, వెనక్కి పోతే మొప్పల్లోంచి నీళ్లు సరిగ్గా పారవు.

సూర్యలంకలో మీకు డాల్ఫిన్ కంటే తాబేలు కనబడే అవకాశమే ఎక్కువ. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లేలు గుడ్లకు వస్తాయి. రాత్రిపూట ఇసుక ఎక్కుతున్న తాబేలు దారి తప్పింది కాదు, పని మీద వచ్చింది. పట్టుకొని నీళ్లలో వేస్తే గుడ్లు పెట్టకుండా పోతుంది. టార్చ్, ఫ్లాష్ వేయకుండా దూరంగా కూర్చోండి. పగలు, ఎండలో, కదలకుండా ఉన్నది వేరు. అది నీరసించినదో, వలలో మునిగి స్పృహ తప్పినదో. నీడ చేసి, తడిబట్ట కప్పి, వెనక భాగం కింద జానెడు ఎత్తు ఇసుక పెట్టి ఫోన్ చేయండి. ఊపిరితిత్తుల్లోని నీళ్లు జారుతాయి. చచ్చినట్టు పడి ఉన్నవి గంటల తర్వాత తేరుకునే సందర్భాలుంటాయి కాబట్టి వెంటనే సముద్రంలో పారేయొద్దు.

జూరాల_గేటు:
మన జిల్లాలల్ల డాల్ఫిన్ లేకపోయినా ఇదే ముచ్చట మొసలితోని జరుగుతది కాబట్టి నాల్గు మాటలు. కృష్ణల డాల్ఫిన్ లేదు. 2009ల జాతీయ జలచరమని ప్రకటించినది గంగల ఉండేది. సాగర్ల డాల్ఫిన్ దుంకిందని వీడియో పంపితె అది నీటికుక్కో, పెద్ద వాలుగో అయ్యుంటది.

జూరాల గేట్లు ఎత్తినంక గద్వాల, వనపర్తి, మక్తల్ దిక్కు కాల్వలల్ల, వరి మళ్లల్ల మొసళ్లు తేలుతయ్. ఇక్కడ కూడ జనం చేసే తప్పు గదే: చుట్టూత నిలబడి అది పోయే దారి మూసేస్తరు. నీళ్ల దిక్కు ఖాళీ ఇడ్సిపెట్టి, ఒక్క పక్కనే, దూరంగ నిలబడాలె. తాడు ఉచ్చు ఏసి గుంజితె అది గిరగిర దొర్లుతది, తాడు పట్టుకున్నోని చెయ్యి పోతది. నోరు తెర్సి పండుకుంటె కోపమని కాదు, ఒంటి వేడి తగ్గించుకునే పద్ధతి. మక్తల్ల అయినా బాపట్లల అయినా మొదటి పని జనాన్ని ఎనుకకు జరుపుడే.

పానగల్లు_సైన్స్‌సార్:
అందరికి ధన్యవాదాలు. 42 మందికి పనులు పంచుత: లెక్కపెట్టెటోళ్లు, రాసెటోళ్లు, జనాన్ని ఆపెటోళ్లు. బస్సుల ఏమేం పెట్టుకోవాలెనో ఒక్కసారి చెప్పుండ్రి, ఊరికె ఎక్కువ మోసుకపోకుండ.

తీరప్రాణి:
జనాన్ని ఆపే పని పిల్లలకు ఇవ్వకండి సార్, పెద్దవాళ్లతో గొడవ అవుతుంది. అది డ్రైవర్, క్లీనర్, మీ స్టాఫ్ చూడాలి. పిల్లలు లెక్క, రాత, నీడ కట్టే కర్రలు పట్టుకోవడం. నీళ్లు తెచ్చే వరుసలో నిలబెడితే సముద్రం చివర పెద్దవాళ్లే ఉండాలి, పిల్లలు తడి ఇసుక దాటొద్దు.

బస్సులో మామూలు ప్లాస్టిక్ బకెట్లు 4, చెంబులు 2 (బకెట్‌తో కంటే చెంబుతో పోస్తే ముక్కు మీద పడదు), పాత కాటన్ చీరలు 4, ఒక పట్టా, ఆరడుగుల కర్రలు 4, సుతిలి తాడు, చేతి తొడుగులు ఒక డబ్బా, మాస్కులు, సబ్బు, కొలత టేపు, పెన్సిల్, అట్ట. పెన్ను తడిస్తే రాయదు. ఇవన్నీ బస్సు వెనక సీటు కింద పడతాయి, ఏమీ కనబడకపోతే నీడకూ భోజనాలకూ పనికొస్తాయి.

ఒకవేళ కనబడితే మాత్రం వాళ్లు వచ్చేసరికి రెండు మూడు గంటలు పట్టొచ్చు. తాగే నీళ్లు ఇంకో రెండు క్యాన్లు ఎక్కువ పెట్టుకోండి, పిల్లలకు.